సాకెట్ కలిస్తే సరిపోదు: గేమింగ్, ఎడిటింగ్ పీసీ పార్టులు కొనే కొత్తవాళ్లకు

కొత్తగా దేశం దాటి వచ్చి, గేములకూ వీడియో ఎడిటింగుకూ కలిపి ఒకే పీసీ బిగించుకోవాలనుకునేవాళ్లు మొదట తప్పటడుగు వేసేది పార్టుల ఎంపికలో కాదు, కొనే తీరులో. ఇవాళ డిస్కౌంటుందని కేసు, వచ్చే నెల ర్యామ్, ఆ తర్వాతి సేల్‌లో గ్రాఫిక్స్ కార్డు. చివరి పార్టు వచ్చి స్విచ్ వేసేసరికి మదర్‌బోర్డు పనిచేయదని తెలుస్తుంది. వాపసు గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది. జాబితాను ఎన్ని నెలలైనా దిద్దుకోండి, కొనడం మాత్రం రెండు వారాల్లో ముగించండి. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే కార్డు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. బోర్డును దాని అట్టపెట్టె మీదే పెట్టి, ప్రాసెసర్, కూలర్, ర్యామ్, పవర్ సప్లై తగిలించి, బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) తెర వస్తుందో లేదో అదే రోజు చూసేయండి.

ఎంపిక ప్రాసెసర్‌తో, అది బోర్డు మీద కూర్చునే గూడు అంటే సాకెట్‌తో మొదలుపెట్టాలి. ఏఎండీ ఏఎం5 సాకెట్లో రైజెన్ 7000, 8000జీ, 9000 సిరీస్‌లు కూర్చుంటాయి, ర్యామ్ డీడీఆర్5 ఒక్కటే. ఇంటెల్ కోర్ అల్ట్రా 200ఎస్‌కు ఎల్‌జీఏ1851 సాకెట్, అక్కడా డీడీఆర్5 మాత్రమే. చిక్కంతా 12, 13, 14 తరాల ఎల్‌జీఏ1700తోనే. ఒకే చిప్‌సెట్ (బోర్డు రకాన్ని చెప్పే చిప్) పేరు మీద డీడీఆర్4 బోర్డూ దొరుకుతుంది, డీడీఆర్5 బోర్డూ దొరుకుతుంది. రెండు ర్యాములకూ 288 పిన్నులే, అంచున ఉండే గాడి మాత్రం వేరే చోట. దిగడం లేదని గట్టిగా నొక్కితే స్లాటు విరుగుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు చవగ్గా కనిపిస్తే కాస్త ఆగండి. వాటిలో కొన్ని వోల్టేజి సమస్యతో దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుని కొత్త మైక్రోకోడ్ (బయోస్ అప్‌డేట్‌తో ప్రాసెసర్‌కు అందే దిద్దుబాటు) ఇచ్చింది. అది ఇకముందు దెబ్బతినకుండా కాపాడుతుందే గానీ, ఇప్పటికే పాడైన చిప్‌ను బాగుచేయదు.

ఎడిటింగ్ చేసేవాళ్లు ఇక్కడ ఒక్క అక్షరం దగ్గర జాగ్రత్తపడాలి. ఇంటెల్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. గేములకు దాంతో పనిలేదు కాబట్టి, ధర తక్కువని చాలామంది అదే తీసుకుంటారు. కానీ ఈ కాలం కెమెరాలు చాలావరకు హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో 10 బిట్, 4:2:2 (రంగు వివరాలు ఎక్కువగా ఉండే రకం) ఫుటేజీ ఇస్తాయి. దాన్ని హార్డ్‌వేర్‌లో విప్పే పని ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలోని గ్రాఫిక్స్ 11వ తరం నుంచీ చేస్తోంది. ఎన్విడియా కార్డులకు అది ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. రైజెన్ 7000, 9000 లోపలి గ్రాఫిక్స్‌కు రాదు. అంటే ఆర్‌టీఎక్స్ 40 కార్డు పక్కన ‘ఎఫ్’ చిప్ పెడితే, ఎంత ఖరీదైన మెషీనైనా టైమ్‌లైన్ మీద ప్లే నొక్కగానే నత్తనడక నడుస్తుంది, లేదా ప్రతి క్లిప్‌కూ ప్రాక్సీ (ఎడిటింగుకు వాడే తేలికపాటి నకలు) చేసుకోవాలి. మీ కెమెరా 4:2:0లో (రంగు వివరాలు తక్కువ ఉండే రకంలో) రికార్డు చేస్తుంటే ఈ గొడవే లేదు, కాబట్టి ముందు ఫైల్ వివరాలు తెరిచి చూడండి. ఇంకో మాట: గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే కొన్ని బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి. బయోస్‌లోకి వెళ్లి మళ్లీ ఆన్ చేయాలి.

సాకెట్ ఒకటే అయినా బోర్డు ప్రాసెసర్‌ను గుర్తుపట్టకపోవచ్చు. దుకాణంలో చాన్నాళ్లుగా ఉన్న, ఏఎం5 సాకెట్ గల బీ650 బోర్డులో రైజెన్ 9000 పెడితే తెర నల్లగానే ఉంటుంది, ఎందుకంటే దాని బయోస్ ఆ చిప్ రాకముందుది. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చే బటన్ ఉన్న బోర్డు తీసుకోండి. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైల్‌కు మాన్యువల్ చెప్పిన పేరే పెట్టాలి.

ర్యామ్ రెండు స్టిక్కులు చాలు, నాలుగు వద్దు. రైజెన్ 9000కు ఏఎండీ చెప్పే అధికారిక వేగం రెండు స్టిక్కులతో 5600, నాలుగు పెడితే 3600. ‘ఇప్పుడు 32 జీబీ, తర్వాత ఇంకో 32’ అనే లెక్క డీడీఆర్5 దగ్గర పారదు. 4కే ఎడిటింగ్ గట్టిగా చేసేవాళ్లు మొదటే 32 చొప్పున రెండున్న 64 జీబీ కిట్ తీసుకోవాలి. వాటిని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టి, బయోస్‌లో ఎక్స్‌పో లేదా ఎక్స్ఎంపీ ఆన్ చేయండి. చేయకపోతే పెట్టె మీద ఎంత వేగం రాసున్నా మామూలు వేగంతోనే నడుస్తుంది. ఏఎం5 మీద మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉండిపోతుంది. చచ్చిపోయిందనుకుని మధ్యలో కరెంటు తీసేయకండి.

స్టోరేజి గురించి రెండు ముక్కలు. విండోస్‌కు ఒకటి, ఫుటేజీకి ఒకటి, వేర్వేరు ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు (వేగమైన ఎస్ఎస్‌డీలు) ఉంటే మేలు. ఫుటేజీ డ్రైవ్ టీఎల్‌సీ (మెమరీ సెల్‌కు మూడు బిట్లు దాచే రకం) అయి ఉండాలి. సెల్‌కు నాలుగు బిట్లు దాచే క్యూఎల్‌సీ రకం వందల జీబీ కాపీ చేస్తున్నప్పుడు క్యాష్ (వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు) నిండగానే చతికిలపడుతుంది. కొన్ని బోర్డుల్లో ఈ డ్రైవ్‌లు దిగే ఎం.2 స్లాట్లలో రెండోదో, మూడోదో వాడితే పాతరకం డ్రైవ్‌లు తగిలించే సాటా పోర్టులు కొన్ని ఆగిపోతాయి, ఇంకొన్నింట్లో గ్రాఫిక్స్ కార్డుకు 16 లేన్ల (డేటా దారుల) బదులు 8 మిగులుతాయి. ఆ సంగతి మాన్యువల్లో ఉంటుంది, పెట్టె మీద ఉండదు.

కేసు కొనేముందు కొలతలు కాగితం మీద వేయండి. కార్డుకు 360 మిల్లీమీటర్ల చోటు అని రాసి ఉంటే అది ముందువైపు నీటి కూలర్ రేడియేటర్ లేనప్పటి మాట. 27 మిల్లీమీటర్ల రేడియేటర్, 25 మిల్లీమీటర్ల ఫ్యాన్ తీసేస్తే మిగిలేది 308, అందులో 320 కార్డు పట్టదు. టవర్ కూలర్‌కూ అంతే: నాక్టువా ఎన్‌హెచ్-డీ15 ఎత్తు 165 మిల్లీమీటర్లు, కేసు 160కే సరిపడితే పక్క తలుపు మూసుకోదు. పాత కూలర్ వాడాలనుకుంటే, ఎల్‌జీఏ1200 కంటే ఎల్‌జీఏ1700 రంధ్రాల దూరం పెరిగిందని గుర్తుంచుకుని కొత్త బ్రాకెట్ తెప్పించుకోండి. ఇక కూలర్ అడుగున అంటించి ఉండే ప్లాస్టిక్ పొర తీయడం మరిచిపోయి, వేడెక్కుతోందని ప్రాసెసర్‌ను తిట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పవర్ సప్లై దగ్గర పీనాసితనం పనికిరాదు. ఆర్‌టీఎక్స్ 5080 కార్డు 360 వాట్లు తీసుకుంటుంది. ఐ9-14900కే మీద 125 వాట్లు అని కనిపించినా పూర్తి వేగంలో 253 దాకా లాగుతుంది. మిగతావాటికి వంద కలిపితే 700 దాటింది, అందుకే ఆ కార్డుకు 850 వాట్లు సిఫారసు చేస్తారు. 16 పిన్నుల కార్డు కేబుల్‌ను సందు లేకుండా లోపలిదాకా దించాలి, మూతి దగ్గరే మడవకూడదు. మాడ్యులర్ (పవర్ సప్లై నుంచి విప్పి తీయగలిగే) కేబుళ్లు పార్టుల వైపు ఒకేలా ఉంటాయి గానీ, పవర్ సప్లై వైపు పిన్నుల వరస కంపెనీకో తీరు. పాతదాని కేబుల్ కొత్తదానికి తగిలిస్తే డ్రైవ్‌లు కాలిపోవచ్చు.

దేశాలు మారేవాళ్లకు అసలు ముఖ్యమైనది పవర్ సప్లై లేబుల్. ఇన్‌పుట్ ఎదురుగా 100-240 వోల్టులు అని ఉంటే గోడకు పెట్టే తీగ ఒక్కటి మార్చుకుంటే ఎక్కడైనా నడుస్తుంది. 200-240 అని మాత్రమే ఉంటే 120 వోల్టుల దేశంలో పనికిరాదు. వెనక ఎర్ర స్విచ్ ఉన్న పాతరకం అయితే 115 దగ్గర ఉంచి 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే ఢామ్మంటుంది. మానిటర్, స్పీకర్ల అడాప్టర్ల లేబుళ్లు కూడా చూడండి. పార్టుల వారంటీ చాలావరకు కొన్న దేశానికే పరిమితం, కాబట్టి ఏడాదిలో తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే ఆ షరతు కొనేముందే చదవాలి. విమానంలో పంపేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు, బరువైన టవర్ కూలర్ విప్పి విడిగా కట్టండి. బోర్డు మీదే వదిలేస్తే కుదుపులకు స్లాటు ఊడొస్తుంది. ఫుటేజీ ఉన్న డ్రైవ్‌లు మాత్రం చేతిసంచిలో వేసుకోండి.