రూజ్‌వెల్ట్ లేక్ గట్టున గాలం, గుడారం: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

సందేహం: మాది కందుకూరు. అరిజోనాలోని చాండ్లర్ వచ్చి ఐదు నెలలు అవుతోంది. మేమిద్దరం, పదకొండేళ్ల బాబు, ఐదేళ్ల పాప. ఆఫీసులో అందరూ రూజ్‌వెల్ట్ లేక్‌కి వెళ్లి టెంట్లు వేసుకుని బాస్ చేపలు పడుతుంటారని మావారికి కూడా మనసైంది. మార్చిలో వెళదామంటున్నారు. ఆన్‌లైన్‌లో ఏరిన సామాను అప్పుడే పన్నెండు వందల డాలర్లు దాటింది, పడవ అద్దె వేరే. ఇంత పెట్టాలా? గట్టు మీద నించుంటే చేపలు పడవా?

సమాధానం: అమ్మా, ముందు ఆ కార్ట్ ఖాళీ చేయించండి. మార్చిలో వెళుతున్నారు కాబట్టి పడవ అసలు వద్దు.

మన నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాల్లో ఒక తీరు కనిపిస్తుంది. గాలం సామాను దగ్గర చెయ్యి ధారాళం. నీళ్ల క్యాన్లు, కింద పరుచుకునే పరుపులు కొనేటప్పుడు మాత్రం ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి వెనక్కి పెట్టేస్తారు. ఎడారిలో ఇది పూర్తిగా తలకిందుల లెక్క. చేపకు మీ గాలం ఖరీదు తెలీదు. పిల్లల ఒంటికి మాత్రం చలి, దాహం తెలుస్తాయి. ఊళ్లో తీర్చాల్సిన లోను, ఇక్కడ కట్టాల్సిన అద్దె పెట్టుకుని మొదటి ఏడాదిలోనే సరదాకు క్రెడిట్ కార్డు గీకడం మొదలైతే ఆ అలవాటు చేపలతో ఆగదు. అందుకే డబ్బు సంగతి ఇంత గట్టిగా చెబుతున్నాను.

పడవ ఎందుకు అక్కర్లేదో చెబుతాను. ఈ వేడి ప్రాంతపు సరస్సుల్లో ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు 15 నుంచి 18 డిగ్రీలకు వెచ్చబడతాయి. అప్పుడు లార్జ్‌మౌత్ బాస్ గుడ్లు పెట్టడానికి తనే ఒడ్డుకు వస్తుంది. మోకాలి లోతు నుంచి ఆరడుగుల లోపు నీళ్లలో, గులకరాళ్లున్న చోట తోకతో నేల ఊడ్చి గుంట చేసుకుంటుంది. మగ చేప కాపలా కాస్తుంది. పడవవాళ్లు కూడా అప్పుడు ఒడ్డు వైపే విసురుతారు. అద్దె కట్టకుండా మీరు నించునేది కూడా ఆ చోటే. గుంట మీద కాపలా ఉన్న చేప పడితే ఫొటో తీసుకుని వెంటనే అక్కడే వదిలేయండి. అది పక్కకు పోతే బ్లూగిల్ లాంటి చిన్న చేపలు గుడ్లన్నీ తినేస్తాయి. మే దాటితే చేప లోతుకు దిగుతుంది. ఎండ కూడా నలభై డిగ్రీలు దాటుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా పిల్లలతో ఆ గట్టున రాత్రి ఉండే ఆలోచనే వద్దు.

రూజ్‌వెల్ట్ ఆనకట్ట 1911లో పూర్తయింది. 1996లో దాన్ని కాంక్రీటుతో మరో 77 అడుగులు ఎత్తు చేశారు. నీటిమట్టం ఏటా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి తగ్గిన ఏడు ఒడ్డున మొలిచిన చెట్లు పెరిగిన ఏడు మునిగిపోతాయి. వాటిలో మెస్కీట్ ఉంటుంది, మనవైపు పొలాల్ని తినేసిన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. ఆ మునిగిన కంపలోనే బాస్ దాక్కుంటుంది. మన చెరువుల్లో కొర్రమీను నాచు చాటున పొంచి ఉండి కప్ప కనబడగానే మింగినట్టే ఇదీ పొంచి ఉండి మింగే జాతి. కొర్రమీను ఎక్కడుంటుందో తెలిసినవాళ్లకు దీని ఇల్లు వెతకడం కష్టం కాదు. మునిగిన చెట్టు, నీళ్లలోకి ముక్కులా పొడుచుకొచ్చిన నేల, రాళ్లు జారిన వాలు, గాలి తగులుతున్న ఒడ్డు. గాలి కొట్టే వైపు మనకు నించోవడానికి ఇబ్బందే. అయినా నాచుకణాలు అటే కొట్టుకొస్తాయి, వాటి వెనక షాడ్ అనే చిన్న చేపలు, వాటి వెనక బాస్. నీటిమట్టం ఈ ఆనకట్టను నడిపే సాల్ట్ రివర్ ప్రాజెక్ట్ వాళ్లు రోజూ ప్రకటిస్తారు, బయలుదేరే ముందు చూసుకోండి.

ఇక సామాను. ఆరున్నర, ఏడడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్ (గాలం కర్ర), దానికి జతగా అమ్మే 2500 సైజు రీల్ (దారం చుట్టే చక్రం) కలిపి 50 డాలర్ల చిల్లరలో వస్తాయి. 8 పౌండ్ల బరువు ఆపే లైన్, అంటే గాలం దారం. 3/0 ఆఫ్‌సెట్ హుక్‌ల ప్యాకెట్ ఒకటి. 5 గ్రాముల బుల్లెట్ ఆకారపు సీసం గుండ్లు. ఐదంగుళాల ప్లాస్టిక్ ఎరలు రెండు ప్యాకెట్లు, గ్రీన్ పంప్‌కిన్ అని అమ్మే ముదురాకుపచ్చ రంగువి. హుక్ తీయడానికి పొడుగు ముక్కు పటకారు. బాబుకు ఐదున్నర అడుగుల చిన్న రాడ్. అంతా కలిపి 120 డాలర్ల చుట్టుపక్కల తేలుతుంది. టంగ్‌స్టన్ గుండ్లు, నలభై అరల పెట్టె, చేపల్ని చూపే యంత్రం ఏవీ వద్దు. కంపలో విసిరేటప్పుడు హుక్‌లు పోతాయి, పోవాలి కూడా. పోతుందన్న భయంతో ఖాళీ నీళ్లలో విసిరేవాళ్లకు చేప తగలదు. అందుకే చవకవి కొనమంటున్నాను.

గుండు, హుక్, ఎరల్ని లైన్‌కి కట్టే పద్ధతి పేరు టెక్సాస్ రిగ్. ఇంట్లో సోఫాలో కూర్చుని నేర్చుకుని వెళ్లండి, గట్టు మీద గాలిలో నేర్చుకోలేరు. ముందు గుండుని, సన్నటి మూతి రాడ్ వైపు ఉండేలా లైన్‌కి ఎక్కించాలి. తర్వాత లైన్ చివర జానెడు మడిచి, ఆ జంట పోగుని హుక్ చెవిలోంచి దూర్చి, వదులుగా మామూలు ముడి వేయాలి. చివర మిగిలిన ఉంగరంలోంచి హుక్ మొత్తాన్ని దూర్చి, తడిపి, నెమ్మదిగా బిగించాలి. పొడిగా లాగితే రాపిడికి లైన్ అక్కడ కమిలిపోతుంది, పెద్ద చేప తగిలినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. ఇప్పుడు ఎర తలలోకి మొనను పావు అంగుళం గుచ్చి పక్కకు తీసి, ఎరని హుక్ చెవి దాకా జరిపి, హుక్‌ని తిప్పి, మొన ఎర ఒంటి మీద ఎక్కడ ఆనుతుందో అక్కడ లోపలికి గుచ్చాలి. ఎర తిన్నగా వేలాడాలి. వంకర ఉంటే నీళ్లలో గిరగిరా తిరిగి లైన్‌ని మెలిపెట్టేస్తుంది. మొన ఎర లోపల దాగి ఉంటుంది కాబట్టి కంపకు తక్కువగా చిక్కుతుంది.

రీల్ మీద డ్రాగ్ అని ఒక బిగింపు ఉంటుంది. చేత్తో గట్టిగా లాగితే లైన్ జారేటట్టు పెట్టాలి, రెండు పౌండ్ల బరువుకు జారితే సరి. బాగా బిగించేసి లైన్ తెంపుకోవడం కొత్తవాళ్లలో చాలా ఎక్కువ.

బెండు కట్టి ఒకచోట కూర్చునే మన ఊరి గాలం ఇక్కడ పనికిరాదు. వచ్చిరాగానే నీళ్ల అంచున నించోకండి. చేప మీ కాళ్ల ముందే ఉంటుంది, నీడ పడితే పోతుంది. నాలుగైదు అడుగులు వెనకే ఆగి, ముందు ఒడ్డు వెంట అడ్డంగా విసరాలి, తర్వాతే లోతుకు. ఎర పడ్డాక లైన్ వదులయ్యే దాకా ఆగండి, అంటే అడుగుకు చేరినట్టు. రాడ్ కొనను మోకాలి ఎత్తు నుంచి భుజం ఎత్తుకు నెమ్మదిగా లేపి, మళ్లీ దించి, వదులైన లైన్ మాత్రం చుట్టి, ఆరేడు లెక్కపెట్టి మళ్లీ లేపాలి. ఎక్కువసార్లు చేప అందుకునేది ఎర కిందికి జారేటప్పుడే. చేతికి ఒక్క తట్టు తెలుస్తుంది, లేదా లైన్ పక్కకు నడుస్తుంది. అప్పుడు కంగారుపడకుండా వదులు చుట్టేసి రాడ్‌ని గట్టిగా పైకి లాగాలి. పది, పదిహేనుసార్లు విసిరినా ఏమీ లేకపోతే ఇరవై అడుగులు జరగండి. కంపకు తగులుకుంటే గుంజకండి, లైన్ వదులు చేసి రాడ్ కొన ఊపండి, రాకపోతే పక్కకు నడిచి అటు నుంచి లాగండి. తెగిన లైన్ ముక్కలు జేబులో వేసుకోవాలి, పక్షుల కాళ్లకు చుట్టుకుంటాయి. బాస్ నోట్లో కోరపళ్లు ఉండవు, గరుకుగా ఉంటుందంతే. కింది పెదవిని బొటనవేలితో పట్టుకుంటే కదలదు, పాపకు కూడా చూపించవచ్చు. క్యాట్‌ఫిష్ పడితే మాత్రం రెక్కల ముళ్లతో జాగ్రత్త, మన జెల్లల సంగతి మీకు తెలిసిందే.

ఇప్పుడు డబ్బు పెట్టాల్సిన చోటు. నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు తాగడానికే. నలుగురికి మూడు పగళ్లంటే 48 లీటర్లు. వంటకు, కడుగుకోవడానికి 20. కారులో ముట్టుకోకుండా ఉంచాల్సింది 8. మొత్తం 76 లీటర్లు, అంటే ఐదు గ్యాలన్ల క్యాన్లు నాలుగు. అక్కడ కుళాయి ఉంటుందిలే అని రెండు క్యాన్లతో బయలుదేరకండి. అక్కడి దుకాణాల్లో నీళ్లు, ఐసు ఊళ్లో కంటే ప్రియం. నాలుగు లీటర్ల సీసాలు కొన్ని ముందే గడ్డ కట్టించి కూలర్‌లో పెడితే ఐసు కొనక్కర్లేదు, కరిగాక తాగడానికీ వస్తాయి.

రెండోది పడక. మార్చిలో పగలు చొక్కా మీద తిరగొచ్చు, రాత్రి పది డిగ్రీల దిగువకు పోతుంది. గాలిలో తేమ లేదు కాబట్టి సూర్యుడు దిగగానే నేల చల్లబడుతుంది. ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న దుప్పట్లు నాలుగు కప్పుకున్నా కింద పరుపు లేకపోతే వణుకు తగ్గదు, ఎందుకంటే నేల కింది నుంచి వేడిని పీల్చేస్తుంది. గాలి ఊదే పెద్ద పరుపు మాత్రమే వేసుకుంటే లోపలి గాలి కూడా చల్లబడుతుంది. దాని పైన ఫోమ్ షీట్ ఉండాలి. మనిషికి ఒకటి, ఒక్కోటి 15, 20 డాలర్లు. ఈ ఎనభై డాలర్ల దగ్గర వెనకాడకండి. టెంట్ మాత్రం మొదటిసారి అడిగి తెచ్చుకోండి, లేదా అద్దెకు తీసుకోండి.

టెంట్‌తో వచ్చే సన్నటి మేకులు ఇక్కడి సున్నపు నేలలో వంగిపోతాయి. హార్డ్‌వేర్ దుకాణంలో పది అంగుళాల ఇనుప మేకులు, ఒక సుత్తి తీసుకోండి. మధ్యాహ్నం దాటాక గాలి లేస్తుంది, గాలం పట్టుకుని అందరూ అటు పోయినప్పుడు ఖాళీ టెంట్ దొర్లి నీళ్లలో పడుతుంది. నాలుగు మూలలా నీళ్ల క్యాన్లు పెట్టి వెళ్లండి. చదునుగా, ఇసుకగా, చూడ్డానికి బాగుందని ఎండిన వాగులో టెంట్ వేయొద్దు. 2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరు దగ్గర హైవే తెగడం చూసినవాళ్లకు వాన ఎక్కడో పడి నీళ్లు ఇక్కడికి రావడం కొత్త కాదు. ఇక్కడ అది గంటల్లో జరుగుతుంది.

చోయా అనే నాగజెముడు జాతి మొక్క ముక్కలు చెప్పులకు, కాళ్లకు అంటుకుంటాయి. చేత్తో పీకితే చేతికీ గుచ్చుకుంటాయి. తల దువ్వుకునే దువ్వెన కిందికి పెట్టి ఎగదన్నితే ఊడొస్తాయి, మిగిలిన ముళ్లు పటకారుతో లాగండి. పిల్లలకు బూట్లే వేయండి, పొద్దున వేసుకునే ముందు దులపండి, తేళ్లుంటాయి. పది డాలర్ల లోపు అతినీలలోహిత టార్చ్ వేస్తే తేలు పచ్చగా మెరుస్తుంది. మార్చికి పాములు కూడా తిరగడం మొదలుపెడతాయి, రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టనివ్వకండి. ఒడ్డు ఉన్నట్టుండి లోతు అవుతుంది, నీళ్ల దగ్గర ఉన్నంతసేపు పాపకు లైఫ్ జాకెట్ ఉండాలి.

లైసెన్స్ పదేళ్లు నిండిన ప్రతివాళ్లకూ కావాలి, కాబట్టి బాబుకూ తీసుకోవాలి, పిల్లల రేటు బాగా తక్కువ. పాపకు అక్కర్లేదు. రాష్ట్రంలో ఆరు నెలల కాపురం నిండితే పెద్దవాళ్లకు రెసిడెంట్ రేటు. ఐదు నెలలన్నారు, మార్చికి నిండుతుందేమో లెక్క చూసుకుని కొనండి, తేడా చిన్నది కాదు. ఈ సరస్సు ఉన్న టోంటో జాతీయ అడవి పాస్, ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, మంట నిషేధం ఉందా అన్నవి ప్రభుత్వ సైట్లలో ఉంటాయి. వంటకు మాత్రం కట్టెలు నమ్ముకోకుండా గ్యాస్ స్టవ్ తీసుకెళ్లండి. మొదటి రోజుకు పులిహోర, రెండో రోజుకు ఇంట్లో గడ్డ కట్టించిన పప్పు చాలు. రాత్రి తిండి బయట ఉంచొద్దు, కారులో పెట్టి తలుపులు వేయండి.

‘మావారు పట్టిన చేప పులుసుకు పనికిరాదా?’ అని అడుగుతారు మీరు, తెలుసు. బాస్ కండ తెల్లగా, మెత్తగా ఉంటుంది. తోలుకు నీచు వాసన, అందుకే తోలు తీసేసి ఉప్పు, నిమ్మకాయ పట్టించి కడగాలి. చింతపండు పులుసు, మామిడికాయ ముక్కలు పూర్తిగా ఉడికి నూనె తేలాకే ముక్కలు వేయండి, పది నిమిషాలు చాలు. గరిటె పెట్టకండి, గిన్నె తిప్పండి. పేగులు నీళ్లలోకి విసరకుండా కవర్లో కట్టి చెత్తడబ్బాలో వేయాలి. పెద్ద చేప పడిందని సంబరపడి దాన్నే కూరకు ఉంచుకోవద్దు. వేటాడి తినే చేప కాబట్టి వయసు పెరిగే కొద్దీ ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. ఏ సరస్సు చేప ఎంత తినొచ్చో అరిజోనా పర్యావరణ శాఖ పట్టిక వేస్తుంది, పాపకు పెట్టే ముందు అది చూడండి. పెద్దవి వదిలేసి, నిబంధన ఒప్పుకున్న వాటిలో చిన్నవి రెండు తెచ్చుకుంటే నలుగురికి ఒక పూటకు సరిపోతుంది.