పాత స్కూటర్లు కొని, బాగుచేసి అమ్మితే చేతికి మిగిలేదెంత?

ప్రశ్న: నా వయసు 36. నెల జీతం ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఐదు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు పొదుపు ఖాతాలో ఉంది. అప్పుల్లేవు. స్కూటర్ల రిపేరు నాకు బాగానే వచ్చు, నా బండి సర్వీసింగ్ నేనే చేసుకుంటాను. తెలిసినాయన దగ్గర మూలనపడ్డ స్కూటర్లు రెండున్నాయి. ఒకటి గేర్లు లేని ఫోర్ స్ట్రోక్ బండి. రెండేళ్లుగా స్టార్ట్ చేయలేదు, కాగితాలన్నీ ఉన్నాయి. నడిచే స్థితిలో ఎంత పలుకుతుందో అందులో సగం అడుగుతున్నాడు. రెండోది పాత టూ స్ట్రోక్ బండి. దాన్ని నాలుగోవంతు ధరకే ఇస్తాడట, కాగితాలు మాత్రం వెతికి తర్వాత ఇస్తానంటున్నాడు. రెండూ కలిపి తీసుకుంటే ఇంకొంచెం తగ్గిస్తాడట. ఇలా నెలకు ఒకటో రెండో అమ్మితే జీతానికి తోడవుతుందని నా ఆశ. స్పేర్లు క్రెడిట్ కార్డు మీద కొందామనుకుంటున్నాను. మా ఆవిడ వద్దంటోంది. మీరేమంటారు?

జవాబు: ఒక్క బండితో మొదలుపెట్టండి. అది మొదటిదే. అదీ ఆయన చెప్పిన ధరకు కాదు. క్రెడిట్ కార్డు జోలికి మాత్రం అసలు వెళ్లకండి.

మీకు పని వచ్చు. పని రాకుండా ఇలాంటి బేరాల్లోకి దిగి చేతులు కాల్చుకునేవాళ్లను చూశాను, మీరు ఆ కోవలోకి రారు. కానీ పని తెలిసినవాళ్లకూ ఒక చోట కాలు జారుతుంది. బండి చూడగానే "దీన్ని లేపొచ్చు" అనిపిస్తుంది, ఆ ఊపులో కొనేస్తారు. ఎంతకు అమ్ముడుపోతుందన్నది బాగుచేశాక ఆలోచిస్తారు. లెక్క ఆ చివరి నుంచి మొదలవ్వాలి. ముందు అమ్మే ధర తేల్చుకోండి, అందులోంచి ఖర్చులన్నీ తీసేస్తూ వెనక్కి రండి. ఆఖర్న మిగిలేదే మీరు కొనదగిన ధర.

మీ మొదటి బండినే తీసుకుందాం. నడిచే స్థితిలో అది 100కి పోతుందనుకోండి. ఇక్కడ చూడాల్సింది పాళ్లు. రెండేళ్లు కదలని బండి కాబట్టి బ్యాటరీ, రెండు టైర్లు, బెల్టు, రోలర్లు, బ్రేక్ షూలు, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్, ఆయిళ్లు, ఒకటి రెండు కేబుళ్లు కావాలి. వీటికి 24 పెడదాం. బండిని ఇంటికి చేర్చడానికి, పేరు మార్పిడికి, బీమాకు కలిపి 6. విప్పాక బయటపడేవాటి కోసం మరో 10 పక్కన పెట్టాలి, అది లేకుండా ఏ పాత బండీ ఒడ్డెక్కదు. మొత్తం 40. ఆయన అడిగినట్టు 50 ఇస్తే మీకు మిగిలేది 10. ఆ 10 కోసం కనీసం 20 గంటలు నేల మీద కూర్చోవాలి, అంటే గంటకు అర. ఈ పాళ్లను మీ ప్రాంతపు ధరల్లోకి మార్చి, మీ ఉద్యోగంలో గంటకు ఎంతొస్తుందో పక్కన రాసి చూడండి. పైగా కొనడానికి వచ్చినవాడు బేరమాడి 90కి దించితే ఆ 20 గంటలూ ఊరికే పోయినట్టే.

అదే బండిని 38కి ఒప్పించారనుకోండి. మిగిలేది 22. చేసే పని అదే, వాడే సామాన్లు అవే, గంటకు దక్కేది మాత్రం రెట్టింపు దాటింది. ఈ బేరంలో లాభం కొనేరోజే తేలిపోతుంది.

కొన్నాళ్ల క్రితం ఒకాయన తన లెక్కల పుస్తకం పట్టుకొని నా దగ్గరకొచ్చారు. నాలుగు స్కూటర్లు కొని, బాగుచేసి, అమ్మారు. పుస్తకంలో ఒక్కో బండికి ఒక్కో పేజీ, పేజీ మూలల్లో గ్రీజు వేలిముద్రలు. నాలుగింటి మీదా లాభమే రాసుంది, అయినా చేతిలో డబ్బు కనబడటం లేదన్నది ఆయన బాధ. ఇద్దరం కూర్చొని రాయనివి గుర్తు చేసుకుంటూ రాశాం. బండి తెచ్చిన వాహనం కిరాయి, మ్యాగ్నెట్ ఊడదీయడానికి కొన్న పుల్లర్, లేత్ దగ్గర బోరింగ్ కూలి, స్పేర్ల కోసం తిరిగిన పెట్రోలు అన్నీ వచ్చాయి. ఒక పేజీలో "గ్యాస్కెట్" అని ఉంది, దాని కిందే సన్నగా "గ్యాస్కెట్, రెండోసారి" అని ఉంది. ధర మాత్రం ఒక్కసారే వేశారు. అన్నీ వేశాక రెండు బండ్ల మీద కొంచెం మిగిలింది, ఒకటి సరికి సరి, నాలుగోది ఆ రెండింటి లాభాన్నీ మింగేసింది. ఆ నాలుగోది ఏడు నెలలు అమ్ముడుపోకుండా నిలబడిపోయిన బండి. ఆయన పనితనానికి వంక పెట్టడానికేం లేదు. కొన్న ధరలో, రాయని ఖర్చులో దెబ్బతిన్నారు. మీరు మొదటి రోజు నుంచే పుస్తకం పెట్టండి. నట్టు కొన్నా రాయండి, గంట కూర్చున్నా రాయండి.

ఇక బండి చూసే సంగతి. మీరు పని తెలిసినవారు కాబట్టి పాత బండిలోని లోపాలను రెండు రకాలుగా విడదీయండి: మీ చేతి పనితో తీరేవి, డబ్బు పోస్తేనే తీరేవి. మొదటి రకం లోపాలున్న బండి మీకు వరం. మిగతావాళ్లు వాటిని చూసి భయపడి వెనక్కి తగ్గుతారు, ధర పడిపోతుంది, మీకు ఖర్చయ్యేది ఓపికే. రెండో రకం లోపం ఎవరికైనా ఒకే ఖర్చు, మీ నైపుణ్యానికి అక్కడ విలువ లేదు.

రెండేళ్లు నిలబడ్డ బండి స్టార్ట్ కాకపోవడానికి చాలాసార్లు కారణం కార్బొరేటర్. నిల్వ ఉన్న పెట్రోలు ఆవిరై, జిగురులాంటి పొర మిగులుతుంది. అందులో తక్కువ వేగానికి పెట్రోలు అందించే పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం, అది మూసుకుపోతే ఇక ఐడ్లింగ్ ఉండదు, యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్ ఆగిపోతుంది. విప్పి, శుభ్రం చేసి, గాలి కొట్టి బిగిస్తే చాలు. ట్యాంకు కడగడం, తుప్పు పట్టిన కాంటాక్టులు గీకడం, బిగుసుకున్న బ్రేక్ క్యామ్ వదిలించడం, టాపెట్ సరిచేయడం, ఇవన్నీ మీ చేతి పనులే.

ఇంజిన్ బోరుకొచ్చిందంటే, అంటే సిలిండర్ లోపలి గోడ అరిగి లేత్ మీద మళ్లీ తొలిపించాల్సి వస్తే మాత్రం అది రెండో రకం. స్టార్ట్ కాని బండిలోనూ దీన్ని కనిపెట్టొచ్చు. ప్లగ్గు విప్పి, సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టి చూడండి. ఒత్తిడి తక్కువగా ఉంటే ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. ఒత్తిడి పెరిగితే పిస్టన్ రింగులో బోరో అరిగినట్టు. ఏమీ మారకపోతే అనుమానం వాల్వుల మీదికి పోతుంది. ప్లగ్గు మొన కూడా కొంత చెబుతుంది. లేత గోధుమ రంగైతే మంచిది. నల్లగా, ఆయిల్ తడితో ఉంటే ఆయిల్ లోపలికెళ్లి కాలుతోందన్నమాట. పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, అది సర్దుబాటుతో పోతుంది. అమ్మేవాడు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే, విప్పాక బయటపడేవాటి కోసం పెట్టుకున్న 10ని 25 చేసి ధర చెప్పండి.

నడిచే బండి చూడబోతే ఇంజిన్ చల్లగా ఉండాలి. నా ఉద్యోగం కొత్తలో ఒక పాత స్కూటర్ కొన్నాను. నేను వెళ్లేసరికి ఆయన దాన్ని స్టార్ట్ చేసి సిద్ధంగా ఉంచారు, మర్యాదేమో అనుకున్నాను. మర్నాడు పొద్దున్న ఎంత కిక్ కొట్టినా లేవలేదు, లేచాక వెనక నీలం పొగ. రింగులు అరిగిపోయాయి. రెండు నెలల పొదుపు ఆ బోరు పనికే పోయింది. అప్పటి నుంచి నన్ను అడిగినవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను: ముందే ఫోన్ చేసి "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అనండి, వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని వెనక్కి తిరగండి.

టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాట్లు కనిపిస్తున్నా, టైరుకు ఆరేళ్లు దాటాయంటే కొత్త టైరు ధర బేరంలో తగ్గించాల్సిందే. 12 వోల్టుల బ్యాటరీ పూర్తిగా చార్జయ్యి కాసేపు కదలకుండా ఉన్నాక 12.6 దగ్గర చూపించాలి. ఇంజిన్ నడుస్తూ వేగం పెంచినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అది పెరగకపోతే లోపం బ్యాటరీలో కాక కరెంటు పుట్టించే స్టేటర్‌లోనో, దాన్ని అదుపు చేసే రెగ్యులేటర్‌లోనో ఉంటుంది, ఖర్చు మారిపోతుంది. గేర్లు లేని బండిలో బెల్టు జీవితం బండిని బట్టి 10,000 నుంచి 25,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. ఎప్పుడు మార్చారో చెప్పలేకపోతే మార్చాల్సిందేనని లెక్కేసుకోండి.

రెండో బండి గురించి. కాగితాలు తర్వాత ఇస్తానన్న మాట మీద ఆ నాలుగోవంతు కాదు కదా, ఊరికే ఇచ్చినా తేవద్దు. ఆ బండి మీద తీరని రుణం ఉండొచ్చు, కట్టని జరిమానాలు ఉండొచ్చు, దొంగ బండి కూడా కావచ్చు. మీరు ఎంత చక్కగా బాగుచేసినా పేరు మార్చలేని బండిని ఎవరికీ న్యాయంగా అమ్మలేరు. పెట్టిన డబ్బు అక్కడే గడ్డకట్టుకుపోతుంది. కాగితాలు దొరికాక చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు వాటితో పోల్చి చూసుకున్నాకే మాట కలపండి.

అప్పుడు కూడా ముందు కింద పడుకొని ఫుట్‌బోర్డు అడుగు చూడండి. 1946లో ఇటలీలో పియాజియో సంస్థ తెచ్చిన వెస్పాను రూపొందించిన కొరాడినో డాస్కానియో విమానాల ఇంజినీరు. ఆయన విడిగా ఫ్రేమ్ పెట్టకుండా, అచ్చులో ఒత్తిన ఉక్కు రేకుల బాడీనే బరువు మోసేలా చేశారు. ఆ మరుసటి ఏడాది వచ్చిన లాంబ్రెట్టా గొట్టాల ఫ్రేమ్ మీద నిలబడింది. పాత బండ్లలో ఈ తేడా డబ్బు లెక్కకు చాలా ముఖ్యం. గొట్టాల ఫ్రేమ్ బండికి ఫుట్‌బోర్డు రేకు తుప్పు పడితే రేకు మార్చుకుంటే సరిపోతుంది, ఫ్రేమ్ మాత్రం గట్టిగా ఉండాలి. రేకే ఫ్రేమ్ అయిన బండికి అడుగు తుప్పు పట్టిందంటే బండి నడుమే విరిగినట్టు. వెల్డింగు, డెంటింగు, పెయింటింగు ఖర్చు అమ్మే ధరను దాటిపోతుంది. స్క్రూడ్రైవర్ వెనక భాగంతో తట్టండి, గట్టి రేకు ఖణేల్‌మంటుంది, తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది.

ఇప్పుడు మీ పొదుపు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఐదు నెలల ఖర్చు ఎక్కువేమీ కాదు. అందులో నాలుగు నెలల మొత్తాన్ని ముట్టుకోకండి. మిగిలిన ఒక నెల ఖర్చంత డబ్బే మీ పెట్టుబడి. బండి, సామాన్లు, పనిముట్లు, కాగితాలు అన్నీ అందులోనే ఇమడాలి. ఇమడకపోతే ఇంకొన్ని నెలలు పొదుపు చేయండి, పాత స్కూటర్లు ఎక్కడికీ పోవు. రెండూ కలిపి కొంటే తగ్గిస్తానన్న మాటకు పడిపోవద్దు. మీ డబ్బు రెండు చోట్ల ఇరుక్కుంటుంది, ఒకదాని స్పేర్ల కోసం ఇంకోదాన్ని విప్పే రోజు వస్తుంది.

కార్డు ఎందుకు వద్దంటున్నానంటే, బండి ఎప్పుడు అమ్ముడుపోతుందో మీ చేతిలో లేదు, బిల్లు తేదీ మాత్రం ఆగదు. కార్డు బకాయి మీద వడ్డీ నెలకు 3 శాతమైతే, కట్టకుండా వదిలితే చక్రవడ్డీతో ఏడాదికి సుమారు 42.6 శాతం అవుతుంది. పైన లెక్కలో మీ లాభం 100కి 22. మూడు నాలుగు నెలలు బండి నిలిచిపోతే ఆ 22 కరగడం మొదలవుతుంది. ఇంకో చెడ్డ సంగతి, బిల్లు తరుముకొస్తుంటే 100 బండిని 85కి ఇచ్చేస్తారు. సొంత డబ్బు పెట్టినవాడు మంచి బేరం వచ్చేదాకా ఆగగలడు.

మీ ఆవిడ ఎందుకు వద్దంటున్నారో మీరు రాయలేదు. ఒకసారి కూర్చొని అడగండి. డబ్బు భయమైతే నాలుగు నెలల మొత్తం కదలదని ఆవిడకు మాటివ్వండి, వీలైతే ఆ డబ్బును ఆవిడ పేరున ఉన్న ఖాతాలోకి మార్చండి. సెలవు రోజులన్నీ దీనికే పోతాయన్నది బాధైతే అది నిజమైన ఖర్చే, పిల్లలతో గడిపే 20 గంటలు ఆ 22లోంచే తీసి చూడాలి. వారానికి ఒక పూట అని హద్దు పెట్టుకుంటే ఒక బండికి ఐదారు వారాలు పడుతుంది. అంటే నెలకు రెండు బండ్లన్న ఆశ ఉద్యోగం చేస్తూ సాగేది కాదు, బండి వెతకడానికి, అమ్మడానికి పట్టే రోజులు కూడా కలిపితే ఏడాదికి ఐదారు బండ్లు సాధ్యం. ఆ లెక్కన వచ్చేది జీతానికి తోడు అనేంత పెద్ద మొత్తం కాకపోవచ్చు, కానీ పిల్లల ఫీజుల్లో కొంత భాగమో, ఆగిపోయిన పొదుపు మళ్లీ కదలడానికో పనికొస్తుంది. వాహనాలు తరచూ కొని అమ్మితే చాలా చోట్ల దాన్ని వ్యాపారంగా లెక్కేసి లైసెన్సు, పన్ను అడుగుతారు. మొదటి బండి తర్వాత ఇంకోటి కొనేముందే మీ ప్రాంత నిబంధన తెలుసుకోండి.

ఖర్చు తగ్గించుకోకూడని చోటు ఒకటుంది. బ్రేక్ షూలు, టైర్లు, స్టీరింగ్ కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు), వెనక చక్రం నట్టు. వీటిలో పాతవి సరిపెట్టి లాభం పెంచుకోవద్దు. మీరు అమ్మిన బండి మీద రేపు ఎవరో తమ బిడ్డను కూర్చోబెట్టుకొని వెళ్తారు. పెయింటు మానేసినా పర్లేదు, గీతలున్నాయని చెప్పి ఐదు తగ్గించి అమ్మండి. ఏమేం మార్చారో, ఏవి మార్చలేదో ఒక కాగితం మీద రాసి, బిల్లులు జతచేసి ఇవ్వండి. బేరాన్ని నిలబెట్టేది ఆ కాగితమే.

అమ్మిన రోజే పేరు మార్పిడి కాగితాల మీద సంతకాలు పూర్తి కావాలి. డబ్బు ముట్టిన తేదీ, సమయం, ఇద్దరి సంతకాలతో ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. పేరు మారేదాకా ఆ బండి చేసే ప్రమాదం, పడే జరిమానా మీ గుమ్మంలోకే వస్తాయి. ముందుగా ఈ ఆదివారం గేజ్ తీసుకెళ్లి మొదటి బండి కంప్రెషన్ చూడండి. బాగుంటే 35తో బేరం మొదలుపెట్టండి, 40 దాటితే లేచి వచ్చేయండి.