నోట్లో ఉండేవి పళ్లా, దంతాలా?

సందేహం: మా అబ్బాయి ఏడో తరగతి. సైన్సు పరీక్షలో ‘మన నోట్లో నాలుగు రకాల పళ్లు ఉంటాయి’ అని రాశాడు. టీచరు ‘పళ్లు’ కొట్టేసి ఎర్ర సిరాతో ‘దంతాలు’ అని దిద్దారు. పళ్లంటే మనం తినేవి, నోట్లో ఉండేవి దంతాలు అన్నారట. అదే జవాబులో ‘అన్నం అరుగుతుంది’ అని రాస్తే అక్కడా సున్నా చుట్టి ‘జీర్ణమవుతుంది’ అని రాశారు. ఇది సరేనా? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి రాసింది తప్పు కాదు. తెలుగువాళ్ల నోట్లో పళ్లు ఉన్నాయి, పుట్టినప్పటినుంచీ అవి పళ్లే. పిల్లవాడికి ఆరో నెలకో ఏడో నెలకో వచ్చేవి పాలపళ్లు. ‘పాలదంతాలు వచ్చాయి’ అని ఏ అమ్మమ్మా అనగా నేను వినలేదు. వాడుకలో ‘దంతం’ అంటే ముందు ఏనుగే గుర్తుకొస్తుంది. దంతపు దువ్వెన, దంతపు బొమ్మ అంటాం.

టీచరుగారి ఇబ్బంది మాత్రం నిజమైనదే. పండుకు బహువచనం పళ్లు, పన్నుకూ పళ్లే. రెండు వేరువేరు మాటలు ఒకే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాయి. ఎలా వచ్చాయో చూస్తే, ఏ మాటనూ కొట్టెయ్యాలనిపించదు.

పంటికి అసలు పేరు ‘పల్లు’. తమిళులు ‘పల్’ అంటారు, మలయాళంలో ‘పల్లు’, కన్నడంలో పకారం హకారమై ‘హల్లు’. మనకూ పల్లే. ఇల్లు–ఇండ్లు–ఇంటి, ముల్లు–ముండ్లు–ముంటి, విల్లు–విండ్లు–వింటి అని వరసగా చదవండి. ఆ పక్కనే పల్లు–పండ్లు–పంటి అని చేర్చండి, అతికినట్టు సరిపోతుంది. ‘పండ్లు’ను చూసి, కన్ను–కండ్లు వరసలో వెనక్కి ‘పన్ను’ అనే ఏకవచనాన్ని చేసుకొని ఉంటారని నా అభిప్రాయం. తినే పండు దారి వేరు. అది తమిళంలో ‘పళం’, కన్నడంలో ‘హణ్ణు’. గుండు–గుండ్లు అన్నట్టే పండు–పండ్లు. తర్వాత ఇండ్లు ఇళ్లయినట్టు, బండ్లు బళ్లయినట్టు, రెండు రకాల పండ్లూ పళ్లయ్యాయి. తెలంగాణలో ఇప్పటికీ ‘పండ్లు తోముకున్నవా?’ అనే అడుగుతారు. బజారులో కొనేవీ పండ్లే. ఎవరికీ తికమక లేదు. బడులూ బళ్లే, బండ్లూ బళ్లే. ‘బళ్లు తెరిచారు’ అంటే ఎద్దులను వెతుక్కుంటూ ఎవరూ వెళ్లరు కదా.

ఆ పాత ‘పల్లు’ చచ్చిపోయిందనుకోకండి, మనం రోజూ పలికే మాటల్లోనే ఉంది. ‘ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు’ అంటాం. ఇందులో పల్లెటూరు లేదు. పల్లు ఎత్తడమంటే మాట్లాడటానికి పళ్లు విప్పడం. ‘కన్నెత్తి చూడడు, పన్నెత్తి పలకడు’ అనే జంట మాట వింటే అర్థం తేటతెల్లమవుతుంది. ఈ మధ్య కొందరు ‘పల్లెత్తు’ను పల్లె, ఎత్తు అని విడగొట్టి రాస్తున్నారు. అలా రాస్తే మాట నడుం విరిగినట్టే, దయచేసి రాయకండి. కావ్యాల్లో కనిపించే ‘పలువరుస’లో ఉన్నదీ ఈ పల్లే.

అన్నిటికంటే నాకు ప్రాణమైన మాట ‘పందుంపుల్ల’. పలు + తోము = పలుదోము. అది నోట్లో నలిగి పల్దోమై, పందోమై, పందుం అయిందని నాకు తోస్తుంది. మా తాతయ్య తెల్లారగానే పెరట్లోకి వెళ్లి జానెడు వేపపుల్ల విరిచేవాడు. ఒక కొస నమిలి కుంచెలా చేసి పళ్లు తోముకునేవాడు. పని అయ్యాక అదే పుల్లను నడిమికి చీల్చి, విల్లులా వంచి నాలుక గీసుకొని, పుక్కిలించి ఉమ్మేసేవాడు. వేప దొరక్కపోతే కానుగ, అదీ లేకపోతే ఉత్తరేణి. ఇప్పుడు ‘బ్రష్ చేశావా?’ అంటున్నాం. బ్రష్ వస్తువు, తోమడం పని. బ్రష్ పట్టుకున్నా చేసేది తోమడమే కదా! ‘పళ్లు తోముకున్నావా?’ అని పిల్లల్ని అడిగితే ఏం పోతుంది?

ఇంకో మాట కూడా చెప్పాలి. ‘పన్ను నొప్పి’ అని పత్రికల్లో కూడా కనిపిస్తోంది. వాడుకలోకి వచ్చేసింది కాబట్టి తప్పని గట్టిగా అనలేను. కానీ ‘పంటినొప్పి’ అంటే చెవికి ఇంపుగా ఉంటుంది. మునిసిపాలిటీకి కట్టే పన్నుతో పేచీ కూడా రాదు. ఆ పన్నుకు బహువచనం పన్నులు, పళ్లు కాదు.

ఇక నాలుగు రకాలంటారా, పుస్తకంలో కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు అని ఉంటాయి. చర్వణమంటే నమలడం. పెద్దవాళ్లకు పైదవడలోనూ కిందిదవడలోనూ ఒక్కో పక్క వరసగా 2, 1, 2, 3 చొప్పున మొత్తం 32 పళ్లు. పాలపళ్లు 20. పిల్లవాడికి ముందుగా కొరికే పళ్లు, కోరపళ్లు, నమిలే పళ్లు అని చెప్పండి. ఆ తర్వాత పుస్తకంలోని పేర్లు వాటంతటవే పట్టుబడతాయి. ‘జ్ఞానదంతం’ ఇంగ్లీషు మాటకు చేసుకున్న అనువాదం, ఉండనివ్వండి.

రెండో సందేహం. జీర్ణమంటే సంస్కృతంలో అరిగిపోయినది, పాతబడి శిథిలమైనది. జీర్ణవస్త్రం, జీర్ణాలయం అందులోంచి వచ్చినవే. మన ‘అరగడం’ కూడా అచ్చంగా అదే. చెప్పులు అరుగుతాయి, అన్నమూ అరుగుతుంది. నోట్లో నలిగి, జీర్ణాశయంలో చిలికినట్టయి, ఆరేడు మీటర్ల చిన్నపేగులో సన్నసన్నగా విడిపోయే అన్నానికి ఇంతకంటే సరైన మాట నాకు కనబడదు. సంస్కృతం వాళ్లకు తట్టిన పోలికే మనవాళ్లకూ తట్టిందంటే ఎంత ముచ్చటగా ఉంది! దాన్ని సున్నా చుట్టి కొట్టెయ్యడం నాకు బాధ కలిగించింది. పొట్ట, కడుపు, ఉదరం మాత్రం జీర్ణాశయానికి బదులు రాయకూడదు. అవి ఆ భాగమంతటికీ పేర్లు, ఒక్క అవయవానికి కాదు.

పరీక్షలో శాస్త్రపదం అడిగితే దంతాలనీ, జీర్ణక్రియ అనీ రాయడం మంచిదే, టీచరుగారితో అక్కడ నాకు పేచీ లేదు. సొంత మాటల్లో రాయమన్నప్పుడు మాత్రం పళ్లకూ అరగడానికీ మార్కు తగ్గించకూడదు. మీ అబ్బాయి జవాబు ఈ రెంటిలో దేనికిందికి వస్తుందో ప్రశ్న పంపి ఉంటే చెప్పేవాణ్ణి.