బ్యాడ్‌ల్యాండ్స్ వెళ్తున్న మా సౌమ్యకి, ప్రెయిరీ డాగ్స్ గురించి

సౌమ్యా,

మే ఆఖర్లో మీ చిన్నూని తీసుకుని అమెరికా సౌత్ డకోటాలో, కొండ మీద అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్మోర్ చూడ్డానికి వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. చూడండి, బాగుంటుంది, కానీ అది గంటన్నరలో అయిపోతుంది. నా మాట విని ఒక పూట మొత్తం ఆ రాష్ట్రంలోనే ఉన్న బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులో ప్రెయిరీ డాగ్స్‌కి ఉంచుకో. అక్కడికి దగ్గర్లోని ర్యాపిడ్ సిటీలో ఇరవై రెండేళ్లున్నాం కదా, వచ్చిన చుట్టాలందర్నీ నేనే తిప్పాను, దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటే. కారు ఆపుతారు, తలుపులు ధడాల్న వేస్తారు, ఫోన్లు ఎత్తుకుని దగ్గరికి నడుస్తారు, అవి అరుచుకుంటూ బొరియల్లోకి దూరిపోతాయి, ఇక "ఉడుతలే కదా" అనుకుని ఐదు నిమిషాల్లో బయల్దేరతారు. నాకు ప్రతిసారీ ప్రాణం ఉసూరుమనేది.

ఉడుత కుటుంబమే, నిజమే. అరుపు కుక్కపిల్ల మొరిగినట్టుంటుందని డాగ్ అన్నారు, అంతే. మొత్తం ఐదు రకాలు, అన్నీ ఉత్తర అమెరికావే, మీరు చూడబోయేది నల్లతోక రకం.

వాల్ అనే ఊరు దగ్గర ఐ-90 హైవే దిగి పార్కులోకి వెళ్లాక సేజ్ క్రీక్ రిమ్ రోడ్డు పట్టుకోండి. కంకర రోడ్డు, వాన పడిన రోజైతే వద్దు. కొంత దూరం పోతే రాబర్ట్స్ ప్రెయిరీ డాగ్ టౌన్ అని బోర్డుంటుంది, టౌన్ అంటే వాటి బొరియలన్నీ ఊరిలా ఒకచోట ఉన్న మైదానం. పొద్దున్నే ఏడింటికల్లా అక్కడుండాలి, కుదరకపోతే సాయంత్రం ఐదు దాటాక, ఎందుకంటే మధ్యాహ్నం ఎండకి అవి చాలావరకు లోపలే ఉంటాయి. ఇంజన్ ఆపేసి, అద్దాలు దించి, కార్లోనే కూర్చోండి. దిగొద్దు. మొదట ఒకటి మట్టి దిబ్బ మీద నిలబడి అరుస్తుంది, అరిచిన ప్రతిసారీ తోక ఎగరేస్తుంది, అది మీ గురించే. పదిహేను ఇరవై నిమిషాలు ఓపిక పడితే ఆ అరుపు ఆగిపోతుంది, అప్పుడు ఒక్కోటీ బయటికొచ్చి గడ్డి కొరుక్కుంటాయి. అసలు చూడాల్సింది అక్కడ మొదలవుతుంది.

దగ్గర దగ్గరగా తిరిగేవాటిని గమనించు, ఒక మగది, మూడు నాలుగు ఆడవి, వాటి పిల్లలు, అదొక ఇల్లు. ఎదురుపడినప్పుడల్లా మూతులు ఆనించుకుంటాయి, పళ్లు కూడా తగులుతాయి, అలా మన ఇంటిదా పక్కింటిదా అని తెలుసుకుంటాయి. పక్కింటిదైతే తరుముతాయి. ఆడపిల్లలు పుట్టిన చోటే తల్లీ అక్కచెల్లెళ్ల మధ్య జీవితమంతా ఉండిపోతాయి, మగపిల్లలే ఇల్లు వదిలి వెళ్లాలి. ఇది మొదటిసారి విన్నప్పుడు మీ అమ్మా నేనూ పెళ్లిళ్లయి చెరో ఊరూ వెళ్లిన రోజు గుర్తొచ్చి చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

అలాగని అంతా ముద్దు ముచ్చటేం కాదు. జాన్ హూగ్లాండ్ అని ఒక శాస్త్రవేత్త అక్కడికి దగ్గర్లోని విండ్ కేవ్ పార్కులో ఏళ్ల తరబడి కూర్చుని చూశాడు, పాలిచ్చే తల్లులు తమ దగ్గరి బంధువుల పిల్లల్నే చంపడం ఆయన గమనించాడు. చిన్నూకి ఇప్పుడే చెప్పకు, నువ్వు తెలుసుకుని ఉండు.

మే ఆఖరు అంటే మీకు కలిసొచ్చినట్టే. ఏడాదికి ఒక్క కాన్పు, దాదాపు ముప్పై అయిదు రోజులు మోస్తుంది, పుట్టాక ఆరు వారాలదాకా పిల్లలు భూమిలోపలే ఉంటాయి. మీరు వెళ్లే సమయానికి అవి పైకొచ్చే రోజులు. ఒకే బొరియ నోట్లో మూడు నాలుగు తలలు కనిపిస్తే చిన్నూని లేపి చూపించు, వాడు నిద్రపోతున్నా సరే.

దిబ్బల్ని కూడా చూడమను. ఒక ద్వారం దగ్గర మట్టి ఎత్తుగా గిన్నె అంచులా ఉంటుంది, ఇంకో దాని దగ్గర పొట్టిగా ఉంటుంది. ఎత్తైన దాని మీదుగా గాలి జోరుగా పోతుంది కాబట్టి లోపలి గాలిని పైకి లాగుతుంది, పొట్టి వైపునుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. తాతగారి పెంకుటింట్లో వంటింటికి గవాక్షి ఉండేది చూడు, అలా అని చెబితే వాడికి అర్థమవుతుంది. ప్రెయిరీ డాగ్స్‌లో ఒకటి ఉన్నట్టుండి నిటారుగా లేచి, చేతులు పైకెత్తి, తల వెనక్కి వేసి కేక పెడుతుంది, చూసి పక్కది, దాన్ని చూసి ఇంకోటి. చుట్టుపక్కలవాళ్లు మెలకువగా ఉన్నారా లేదా అని అలా పరీక్షిస్తాయని పరిశోధకులు అంటారు.

బొరియలో నీళ్లు పోద్దాం అంటాడేమో చిన్నూ, మా తమ్ముళ్లు పొలంలో ఎలుకల కోసం చేసేవాళ్లు. 1804లో అమెరికా పశ్చిమ ప్రాంతాల్ని చూసి రావడానికి బయల్దేరిన లూయిస్, క్లార్క్ బృందం ఇప్పటి నెబ్రాస్కాలో ఇదే పని చేసింది, ఒక్కదాన్ని పట్టుకోడానికి ఐదు పీపాల నీళ్లు పోశారు. కథ చెప్పి అక్కడితో ఆపెయ్.

ఇప్పుడు గట్టిగా చెప్పేది. తిండి పెట్టొద్దు. దారిలో కొన్నిచోట్ల పల్లీల ప్యాకెట్లు అమ్ముతారు, పార్కులో మాత్రం అది తప్పు. మా పెద్దాడు ఆరేళ్లప్పుడు నేను పక్కనుండగానే బిస్కెట్ చూపించి వేలు కొరికించుకున్నాడు, ఆ రాత్రంతా ఎమర్జెన్సీలో నేను పడ్డ టెన్షన్ నువ్వు పడొద్దు. చచ్చిపడినది కనిపిస్తే దగ్గరికే పోవద్దు. వీటికి ప్లేగు వస్తుంది, ఒంటిమీద గెంతే చిన్న పురుగుల వల్ల ఒకదాన్నుంచి ఒకదానికి పాకి వాటి ఊరికి ఊరే పోతుంది. బొరియల్లో చేతులు పెట్టనివ్వకు, ర్యాటిల్ స్నేక్‌లు అనే విషపు పాములు ఉంటాయి. అడవిదున్నలు వస్తే కారు కదపకుండా ఉండండి, ప్రెయిరీ డాగ్స్ కొరికిన చోట మొలిచే లేతగడ్డి కోసం అవి వస్తాయి.

2008లో ఆ పక్కనే ఉన్న కొనాటా బేసిన్‌కి ఆ ప్లేగు వచ్చింది. అప్పుడు వెళ్లాను నేను. దిబ్బలన్నీ అలాగే ఉన్నాయి, ఒక్క అరుపు లేదు. బొరియల్లో కాపురముండే గుడ్లగూబలు, వీటినే తిని బతికే, ముంగిసలా సన్నగా ఉండే నల్లకాళ్ల ఫెర్రెట్‌లు, అన్నీ ఈ జీవి మీదే ఆధారం. ఆ ఫెర్రెట్ పూర్తిగా పోయిందనుకున్నారు, 1981లో వ్యోమింగ్‌లో ఒక పశువుల కాపరుల ఇంటి కుక్క చచ్చిన ఫెర్రెట్‌ని గుమ్మంలోకి తెచ్చి పడేసేదాకా. అలా మిగిలిన కొద్దిపాటి వాటిలోంచి చివరికి పద్దెనిమిదింటిని పట్టి పెంచారు, వాటి సంతానాన్నే ఈ కొనాటాలో కూడా వదిలారు. ఇప్పటికీ ప్లేగు రాకుండా బొరియ బొరియకీ పురుగుమందు పొడి కొట్టే మనుషులున్నారు అక్కడ. వాళ్లంటే నాకు చాలా గౌరవం.

చుట్టుపక్కల పశువులున్నవాళ్లకి మాత్రం ఇవి గడ్డి తినేసే పీడ. మోటెల్లో ఎవరైనా అలా అంటే వాదించకు, ఆ గడ్డి మీదే వాళ్ల బతుకు, మీ పెదనాన్న దగ్గరికి వైద్యానికి వచ్చేవాళ్లలో సగం మంది వాళ్లే.

నా బైనాక్యులర్స్ ఈ వారమే పార్సిల్ చేస్తున్నాను, చిన్నూకి ముందే ఇంట్లో అలవాటు చెయ్. ఆ రోడ్డులో సిగ్నల్ ఉండదు, మ్యాప్ దింపుకుని పెట్టుకోమని అల్లుడికి చెప్పు, నీళ్లు ఎక్కువే పెట్టుకోండి. వాల్ చేరాక రాత్రి ఎంతైనా సరే ఫోన్ చెయ్, పిల్లలెన్ని కనిపించాయో వాడి నోటితోనే వినాలి.

మీ పెద్దమ్మ