టోకెన్ మీ దగ్గరుంటే బిల్డింగ్‌లో వాటా మీదైనట్టేనా?

కరీంనగర్ నుంచి ఒక టీచర్ గారి ప్రశ్న. చిట్టీ పాడుకున్న 6 లక్షలు చేతిలో ఉన్నాయి. హైదరాబాద్ శివారులో ఒక కమర్షియల్ బిల్డింగ్‌లో వాటాలను టోకెన్లుగా (బ్లాక్‌చెయిన్ అనే కంప్యూటర్ రికార్డులో ఉండే డిజిటల్ యూనిట్లు) అమ్ముతున్నారని, నెలకు 1.5 శాతం అద్దె స్మార్ట్ కాంట్రాక్ట్, అంటే రాసిన షరతుల ప్రకారం నడిచే కంప్యూటర్ కోడ్, దానంతటదే వాలెట్‌లో (టోకెన్లు ఉంచుకునే డిజిటల్ ఖాతా) వేస్తుందని తోడల్లుడు చెప్తున్నారట. ఇది కోర్టులో నిలబడుతుందా అని అడిగారు.

సార్, మన చట్టంలో స్మార్ట్ కాంట్రాక్ట్ అనే మాట లేదు, అంతమాత్రాన చెల్లదనీ కాదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం అడిగేది ఇద్దరి ఇష్టపూర్వక అంగీకారం, ప్రతిఫలం, చట్టం ఒప్పుకునే పని. ఎలక్ట్రానిక్‌గా రాసుకున్నారన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని కొట్టేయకూడదని ఐటీ చట్టం సెక్షన్ 10ఎ చెప్తోంది.

మీ విషయంలో చిక్కంతా బిల్డింగ్ దగ్గరే. 100 రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ దస్తావేజుతోనే జరగాలి. టోకెన్ మీ వాలెట్‌లో ఎన్నేళ్లున్నా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీస్తే మీ పేరు కనబడదు, రేపు ఓనర్ అదే బిల్డింగ్‌ను బ్యాంకులో తాకట్టు పెట్టినా ఆ కోడ్‌కి తెలియదు. అద్దె సంగతీ అంతే. అద్దెకున్నవాళ్లు కట్టేది రూపాయల్లో, ఎవరిదో బ్యాంకు ఖాతాలోకి. అక్కడి నుంచి ఒక మనిషి దాన్ని కాంట్రాక్ట్‌లో వేస్తేనే మీకు వచ్చేది. ఆ మనిషి మానేస్తే కోడ్ ఏమీ చేయలేదు, మీరు కేసు వేద్దామన్నా ఎదుటి పక్షం పేరు బదులు ఒక వాలెట్ అడ్రస్ ఉంటుంది.

2016లో ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద స్మార్ట్ కాంట్రాక్ట్‌తో నడిచే ద డావో అనే ఫండ్‌లో కోడ్ లోపం పట్టుకుని ఎవరో సుమారు 36 లక్షల ఈథర్ (ఈథీరియం క్రిప్టో కరెన్సీ) లాగేశారు. కోడ్ రాసినట్టే పనిచేసింది! చివరికి ఈథీరియం వాళ్లు ఆ బ్లాక్‌చెయిన్‌నే మార్చి డబ్బు వెనక్కి ఇప్పించాల్సి వచ్చింది. మీకోసం అంత పని ఎవరూ చేయరు.

పన్ను కూడా చూసుకోండి. టోకెన్ అమ్మిన లాభంపై 30 శాతం, పైన సెస్సు, నష్టమొస్తే వేరే లాభంలో సర్దుకోవడం కుదరదు.

ఏడాదికి 18 శాతం అద్దె ఏ ఆఫీసు బిల్డింగ్‌కీ మామూలుగా రాదు. అద్దె ఆదాయమే కావాలనుకుంటే స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన రీట్ (అద్దె వచ్చే బిల్డింగులున్న ట్రస్టు) యూనిట్లు డీమ్యాట్‌లో కొనుక్కోండి, అక్కడ స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిఘా ఉంటుంది. ఈ టోకెన్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. తోడల్లుడు గారు ఇప్పటికే డబ్బు పెట్టి ఉంటే వాట్సాప్ మెసేజ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్, ట్రాన్సాక్షన్ వివరాలు ఏవీ డిలీట్ చేయొద్దనండి, ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.