రామేశ్వరం వెళ్తూ తిరుప్పుల్లాణిని వదిలేయకండి

"రామేశ్వరం చుట్టుపక్కల ప్రతి ఊరూ రామాయణం మా దగ్గరే జరిగిందంటుంది. వీటిలో దేనికైనా ఆధారం ఉందా, యాత్రికుల కోసం అల్లిన కథలా?" అని ఒకరు అడిగారు. తిరుప్పుల్లాణి చూసినవాళ్ళకి ఈ అనుమానం రాదు.

రామనాథపురానికి సుమారు 10 కిలోమీటర్ల దూరం. ఆళ్వార్లనే వైష్ణవ భక్తకవులు కీర్తించిన 108 విష్ణు క్షేత్రాల్లో, అంటే దివ్యదేశాల్లో, ఒకటి, తిరుమంగై ఆళ్వార్ పాడిన క్షేత్రం. మూలవిరాట్టు ఆదిజగన్నాథ పెరుమాళ్. మా అమ్మ కదలకుండా నిలబడిపోయింది మాత్రం అదే గుడిలో ఉన్న దర్భశయన రాముడి సన్నిధిలో. ఆవిడకు తెలిసిన రాముడు భద్రాచలం రాముడు, ఎడమ తొడ మీద సీతమ్మతో ఉంటాడు. ఇక్కడేమో ఒంటరిగా దర్భల మీద పడుకుని ఉన్నాడు. "సీతమ్మేదయ్యా?" అని అర్చకుణ్ణి అడిగింది. ఆయన వచ్చీరాని తెలుగులో, "ఆమె ఇంకా లంకలోనే ఉందమ్మా" అన్నాడు. అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అయితే పాపం, తిండి కూడా సయించి ఉండదు" అంది. పాయసం ప్రసాదం పెడితే చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

ఆధారం అంటారా? వాల్మీకి యుద్ధకాండలోనే ఉంది. రాముడు సముద్రపు ఒడ్డున దర్భలు పరచుకుని, చేతినే తలగడగా పెట్టుకుని, సముద్రుడి కోసం మూడు రాత్రులు ఎదురుచూశాడు. రాకపోయేసరికి విల్లు అందుకున్నాడు. ఆ మూడు రాత్రులే ఈ గుడి. రామేశ్వరంలోని రామలింగాన్ని సీతమ్మ ఇసుకతో చేసిందనే కథ మాత్రం వాల్మీకంలో లేదు. అయినా రామేశ్వరాన్ని నేను తక్కువ చేయను. అక్కడి ఇసుక తీసుకెళ్ళి ప్రయాగలో కలిపి, గంగాజలం తెచ్చి రామలింగానికి అభిషేకం చేయించిన పెద్దలు మన ఇళ్ళల్లోనూ ఉన్నారు. తరాల తరబడి జనం అంత శ్రమపడి వెళ్ళారంటే నాకు అదీ ఆధారమే.

నా బాధంతా ప్యాకేజీ బస్సులతో. రామేశ్వరం గుడిలోని 22 తీర్థాల్లో గబగబా బకెట్లతో నీళ్ళు పోయించి, ధనుష్కోడిలో ఫోటోలు దిగనిచ్చి, రాత్రికల్లా మధురై చేర్చేస్తారు. దారిలో నీళ్ళ తొట్టెలో తేలే రాయి చూపించడానికి బండి ఆపుతారు గానీ తిరుప్పుల్లాణి అడిగితే టైం లేదంటారు. రామనాథపురం దగ్గరే ఉన్న దేవీపట్నంలో రాముడు నవగ్రహాలుగా నిలిపాడని చెప్పే తొమ్మిది రాళ్ళు సముద్రపు నీళ్ళలోనే ఉన్నాయి. వాటినీ చూపించరు.

కాబట్టి రామనాథపురంలో దిగి సొంతంగా ఆటో మాట్లాడుకోండి. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, పొద్దున్నే వెళ్ళండి. దర్శనమయ్యాక దగ్గర్లోనే ఉన్న సేతుకరైకి కూడా తీసుకెళ్ళమనండి. వారధి అక్కణ్ణుంచే మొదలైందని ఊరివాళ్ళు చెబుతారు, సముద్రానికి ఎదురుగా ఆంజనేయుడి గుడి ఉంది. పెద్దవాళ్ళు వెంట ఉంటే తొందరపెట్టకండి, కాసేపు కూర్చోనివ్వండి.