ఉప్పల్ నుంచి భువనగిరికి మారొచ్చా? అక్కడే పెరిగినవాడిగా నా మాట

మీ ఉద్యోగం సికింద్రాబాద్‌లో, ఉప్పల్‌లో అద్దె భరించలేకపోతున్నారు, ఎనిమిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులతో అమ్మగారు, భువనగిరిలో ఉంటే ఎలా ఉంటుందని అడిగారు. నేను అక్కడే పుట్టి పెరిగాను, పదకొండేళ్లు అక్కడి నుంచే సికింద్రాబాద్‌కు రైల్లో పోయివచ్చాను, కాబట్టి తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

ముందు రైలు సంగతి. రోడ్డు మీద హైదరాబాద్‌కు 50 కిలోమీటర్ల లోపే, వరంగల్ హైవే మంచి రోడ్డు, కానీ రోజూ కారులో పోతే గూడూరు టోల్ గేటు, ఉప్పల్ దగ్గర ట్రాఫిక్ రెండూ నెలాఖరుకు మిమ్మల్ని పిండేస్తాయి. రైలు కాజీపేట లైను మీదే కాబట్టి సీజన్ పాస్ తీసుకుంటే ఖర్చు చాలా తక్కువ. ఇబ్బంది ఏంటంటే సాయంత్రం ఒక రైలు తప్పితే ఇంటికి చేరేసరికి పిల్లవాడు నిద్రపోయి ఉంటాడు, నాకు వారంలో ఒక రోజన్నా అలా అయ్యేది. ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి స్టేషన్ దాకా ఎంఎంటీఎస్, అంటే హైదరాబాద్ లోకల్ రైలు, 2016లోనే మంజూరైంది, ప్లాట్లు అమ్మేవాళ్లందరూ అదే చెప్తారు. మీరు మాత్రం బండి నడిచిన రోజు దాన్ని లెక్కలో వేసుకోండి, ఇప్పుడున్న రైళ్ల టైము మీ ఆఫీసు టైముకు కుదిరితేనే రండి.

ఇక ఊరు. 2011 లెక్కల్లో జనాభా 53 వేల పైచిలుకు, ఇప్పుడు ఇంకా పెరిగింది. 2016 దసరాకు జిల్లా కేంద్రం అయ్యాక ఆఫీసులన్నీ ఇక్కడికే వచ్చాయి, అంతకుముందు చిన్న కాగితం పనికి కూడా నల్లగొండ పోవాలి, మా నాన్నకు పొద్దున పోతే రాత్రి అయ్యేది. పాతవాళ్లు ఇప్పటికీ భోనగిరి అనే అంటారు. ఇంకో మాట, అక్కడ ఎవరైనా "గుట్టకు పోతున్నం" అంటే యాదగిరిగుట్టకు అని అర్థం, ఊళ్లో ఉన్న గుట్టను మేం ఖిల్లా అంటాం.

ఆ ఖిల్లా ఉన్నది ఒకే రాయి మీద. మట్టి లేదు, చెట్టు తక్కువ, మొత్తం ఒకటే బండ. కల్యాణి చాళుక్యుల త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కోట అది, త్రిభువనగిరి అన్న పేరే భువనగిరి అయింది. చూడ్డానికి వచ్చేవాళ్లకు అది అందం, కింద ఉండేవాళ్లకు మాత్రం అదే ఎండ, అదే వాన. పగలంతా తాగిన వేడిని ఆ బండ రాత్రి వదులుతుంది. మేం పాత ఇల్లు అమ్మాక రెండేళ్లు సరిగ్గా దాని కింద అద్దెకున్నాం, ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పదకొండయినా గోడలు చల్లబడేవి కావు, మా అమ్మ తడి చీర కిటికీకి కట్టుకుని పడుకునేది. ఇల్లుగలాయన డిసెంబర్‌లో చూపించాడు, మాకూ అడగాలని తోచలేదు. వాన పడితే బండ మీద చుక్క ఇంకదు, అంతా ఒక్కసారి జారి కింది సందుల్లోకి వస్తుంది. అందుకే గడప ఎత్తుగా ఉన్న ఇల్లే తీసుకోండి. స్టేషన్‌కు నడిచిపోయే దూరంలో, ఖిల్లాకు కాస్త ఎడంగా దొరికితే అదే మీకు సరిపోతుంది.

నీళ్లకు ఇప్పుడు సర్కారు మిషన్ భగీరథ నల్లా ఉంది, బోరు నీళ్లు మాత్రం తాగడానికి వాడకండి. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ బాధ మీకు తెలిసే ఉంటుంది, ఇంట్లో చిన్న పిల్లవాడు ఉన్నాడు కాబట్టి ఈ ఒక్క విషయంలో పట్టుదలగా ఉండండి. నల్లా ఏ రోజు, ఎంతసేపు వస్తుందో ఇల్లుగలవాళ్లను కాదు, పక్కింటివాళ్లను అడగండి. మూసీ కాలువల వైపు ఇల్లు తక్కువకు వస్తుందని అంటే ఒక సాయంత్రం అక్కడ నిలబడి చూడండి, హైదరాబాద్ మురుగంతా ఆ నీళ్లలోనే దిగుతుంది, వాసన ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అమ్మగారికైతే బీబీనగర్‌లో ఎయిమ్స్ దగ్గరే, ఇది పెద్ద ధైర్యం. ఓపీకి పొద్దున్నే పోవాలి, వరుస పెద్దగా ఉంటుంది, అయినా మా మేనత్త మోకాళ్లకు అక్కడే చూపించాం, మళ్లీ నగరం దాకా తిప్పాల్సిన పని పడలేదు. యాదగిరిగుట్ట పదిహేను కిలోమీటర్ల లోపే, 2022 మార్చిలో కొత్త ఆలయం తెరిచాక ఆదివారాలు రోడ్డు నిండిపోతుంది, మీరు దగ్గరే ఉంటారు కాబట్టి మామూలు రోజున తీసుకెళ్లండి.

బాబును మాత్రం చలికాలంలో ఖిల్లా ఎక్కించండి. ఈ బండ మీదే మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ రాళ్లెక్కడం నేర్చుకుని 2014 మేలో ఎవరెస్ట్ ఎక్కారు, అప్పటికి పూర్ణకు 14 ఏళ్లు కూడా నిండలేదు. సంక్షేమ గురుకులాల్లో చదివిన పిల్లలు మా ఊరి రాయి మీద కాలు పెట్టి అంత దూరం పోయారంటే నాకు ఇప్పటికీ గుండె నిండిపోతుంది. రాళ్లెక్కడం నేర్పే బడి అక్కడ ఉంది, మీవాడు ఇంకొంచెం పెద్దయ్యాక ఒకసారి కనుక్కోండి.

స్థలం కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే వద్దు. హైదరాబాద్ చుట్టూ వేసే రీజినల్ రింగ్ రోడ్డు ఈ చుట్టుపక్కల నుంచే పోతుంది, రాయగిరి రైతులు భూములు పోతాయని రోడ్డెక్కారు. సర్వే నంబరు ఆ దారిలో లేదని తేల్చుకోకుండా బయానా ఇవ్వకండి. ముందు ఒక ఏడాది అద్దెకుండి చూడండి.

ఇల్లు చూడ్డానికి మాత్రం మధ్యాహ్నం వెళ్లకండి. ఎండాకాలంలో రాత్రి తొమ్మిదింటికి వెళ్లి, పడకగది గోడ మీద అరచెయ్యి ఆనించి చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.